మధ్యాహ్నం ఎవరు తినిపిస్తారు?

సూపు వేడిగా ఉంటే నాయనమ్మ తల పక్కకి తిప్పేసుకుంటుంది. చల్లారితే ఉమ్మేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఒక గోరువెచ్చదనం ఉంది. అది ఇన్నాళ్ళూ మా అమ్మ చేతికి మాత్రమే తెలిసేది. ఈ చలికాలం నుంచి నా చేతికీ తెలుసు. ఉడికిన బంగాళాదుంపల్ని చెంచా వెనకవైపుతో మెత్తగా మెదిపి, పుల్లటి మీగడ కొంచెం కలిపి, కుడివైపు నుంచే పెట్టాలి. ఎడమవైపు పెడితే సూపు అలాగే గడ్డం మీదికి జారిపోతుంది. నేను ఏడో తరగతిలో ఉండగా పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆ సగం ముఖం ఆమెది కానట్టే ఉంటుంది. బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టగానే కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా మంచులో ఇంటికి పరుగెత్తుకొస్తాను. తినిపిస్తాను, మూతి తుడుస్తాను, పక్క సర్దుతాను, మళ్ళీ గుట్టెక్కి బడికి పరుగెడతాను. ముద్దకీ ముద్దకీ మధ్య నాయనమ్మ ఒకే ఒక్క మాట అడుగుతుంది. అది మాత్రం స్పష్టంగా వస్తుంది.

"ఆండీ తిన్నాడా?"

ఆండీ అంటే మా నాన్న. ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆ సమయంలో ఆయన వంటింట్లో గోడకి ఉన్న ఫోను కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. ఆ కుర్చీకీ నాయనమ్మ మంచానికీ మధ్య ఒక తలుపు ఉంది, అదీ ఎప్పుడూ తీసే ఉంటుంది. నాయనమ్మ మూతి తుడిచాక ఇంకో గిన్నెలో నాన్నకి సూపు పోసి, పక్కన రొట్టె ముక్క పెట్టి, "తింటున్నాడు నాయనమ్మా" అని అరిచి చెప్పి వెళ్తాను.

ఒకసారి అడిగాను. "నాన్నా, మధ్యాహ్నం నువ్వు పెట్టొచ్చుగా?" ఆయన కోప్పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? నేను పెడితే ఆవిడకి పొలమారుతుంది పిల్లా. నీకైతే చెయ్యి తిరిగింది. అయినా మిల్లు నించి పిలుపొస్తే? చేతిలో చెంచా పెట్టుకుని ఫోనెలా ఎత్తను?" అన్నాడు. ఆయన బయటికి వెళ్ళినప్పుడు నేను ఫోను తీగ లాగి చూశాను. నాయనమ్మ దిండు దాకా వచ్చింది.

మా ఊళ్ళో మగవాళ్ళు లోయలో ఉన్న ఉక్కు మిల్లుకీ, ఆడవాళ్ళు వీధి చివరి చొక్కాల ఫ్యాక్టరీకీ వెళ్ళేవాళ్ళు. ఎనభై రెండులో మిల్లు కొలుములు ఒక్కొక్కటే ఆర్పేశారు. ఆకులు రాలే రోజుల్లో ఫ్యాక్టరీకీ తాళం పడింది. పెన్సిల్వేనియా కొండల్లో ఏ ఊళ్ళో చూసినా ఇదే కథ కాబట్టి ఎవరినీ ఎవరూ ఓదార్చే పని లేకపోయింది. చర్చి నేలమాళిగలో సర్కారువాళ్ళు పంచే చీజు ముద్దల కోసం అందరూ ఒకే వరసలో నిలబడ్డారు. ఉద్యోగం పోయినవాళ్ళకి ఇచ్చే భృతి అమ్మకీ వచ్చింది, నాన్నకీ వచ్చింది. వారం వారం ఎవరి రోజున వాళ్ళు పట్నం వెళ్ళి ఆ ఆఫీసులో సంతకం పెట్టి రావాలి. ముందు భాగంలో భృతి కిటికీలు, వెనక భాగంలో పనులు వెతికిపెట్టే విభాగం. ఆ వెనక గోడకి ఖాళీల కార్డులు గుచ్చే బోర్డు ఉందనీ, దాని మీద గుండు సూదులే మిగిలాయనీ నాన్న చెప్పి నవ్వేవాడు.

ఆ వెనక విభాగంలో పనిచేసే ఒకావిడ అమ్మకీ నాన్నకీ ఒక పరీక్ష రాయమని చెప్పింది. బాగా రాసినవాళ్ళకి సర్కారు ఖర్చుతో కొత్త పని నేర్పుతారట. నేర్చుకున్నన్నాళ్ళూ భృతి వస్తుందట. నాన్న కాగితం ముట్టుకోలేదు. "నేను ఉక్కు మనిషిని. మిల్లు పిలుస్తుంది. అప్పటికి నేనెక్కడో బొమ్మలు దిద్దుకుంటూ కూర్చోవాలా?" అన్నాడు. అమ్మ రాసింది. ఈ చక్రం ఇటు తిరిగితే ఆ చివరి చక్రం ఎటు తిరుగుతుందో బొమ్మలు చూసి చెప్పే పరీక్ష. ఫ్యాక్టరీలో కుట్టు మిషను ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా తనే విప్పి చూసేదట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. క్రిస్మస్ వెళ్ళాక రిఫ్రిజిరేటర్లు బాగుచేసే కోర్సులో సీటు వచ్చిందని ఉత్తరం వచ్చింది.

అమ్మ మీద నాకు అసూయ ఆ రోజే మొదలైందని చెప్పలేను. మొదట్లో సంతోషమే. కానీ కోర్సు పక్క జిల్లాలో. పొద్దున్న వెళ్తే సాయంత్రం దీపాలు పెట్టేవేళకి వస్తుంది. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడైతే భోజనాల విరామంలో ఇంటికి పరుగున వచ్చి నాయనమ్మకి తినిపించి, తను నిలబడే రెండు ముద్దలు మింగి, మళ్ళీ పరుగున వెళ్ళేది. ఇప్పుడు ఆ పరుగు నాకు వచ్చింది. "పౌలీన్ చూసుకుంటుందిలే, ఆడపిల్ల కదా, మధ్యాహ్నం ఓ అరగంట" అన్నాడు నాన్న. అమ్మ ఆ మాట కాదనలేదు. కాదంటుందేమోనని నేను కాసేపు చూశాను.

నాకు క్లాసులో నోరు పెగలదు. పేరు పిలిచి ప్రశ్న అడిగితే తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోతుంది. ఒక్క పాటల బృందంలో మాత్రం నాకు గొంతు ఉండేది. పక్కన ఇంకో గొంతు, వెనక ఇంకో గొంతు. వాటి మధ్య నాది వేరుగా వినపడేది కాదు, కానీ లేకపోతే తెలిసేది. టీచరే అలా అన్నారు. ఆ సాధన మధ్యాహ్నం భోజనాల వేళే. వరసగా రాకపోయేసరికి, "నీ చోటు ఇంకొకళ్ళకి ఇచ్చానమ్మా, ఏమనుకోకు" అన్నారు టీచరు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ చేతులు తుడుచుకుంటూ, "ఒక్క ఏడాదే కదా పౌలీ, వచ్చే ఏడు పాడుకోవచ్చు" అంది. ఆ చేతుల నుంచి కోర్సులో రాగి గొట్టాలు అతికిన వాసన వస్తోంది.

ఆ వాసన నేను భరించలేకపోయేదాన్ని. సాయంత్రం తలుపు తీసుకుని చలిగాలితో పాటు లోపలికి వచ్చే మనిషి మా అమ్మలా ఉండేది కాదు. జుట్టులో పెన్సిలు, భుజానికి నా పాత పుస్తకాల సంచీ. మాట్లాడుతూనే వచ్చేది. మొదటిరోజు మేష్టారు తనని చూసి "క్యాంటీన్ పక్క గదమ్మా" అన్నాడని చెప్పి పగలబడి నవ్వింది. మిల్లుల్లో, గనుల్లో పని పోయిన మగవాళ్ళ మధ్య తనొక్కతే ఆడది. వాళ్ళు బిగించలేని సన్న గొట్టాలు తన వేళ్ళు బిగిస్తాయట, అందుకని "బాస్, ఇటు రండి" అని పిలుస్తారట. నాన్న చెంచా కింద పెట్టి, "ఇంతమంది మగాళ్ళ మధ్య ఒక్కర్తివి. ఫ్రిజ్‌లు చల్లబడతాయో లేదో గానీ ఊళ్ళో నోళ్ళు మాత్రం వేడెక్కుతాయి" అన్నాడు. "వేడెక్కితే తీసుకురా, అదీ బాగుచేస్తాను" అంది అమ్మ. ఇలా బదులు చెప్పడం ఎప్పుడు నేర్చుకుందో! నాన్న అసూయ నాకు అర్థమైంది, ఎందుకంటే అది నా దానికి చుట్టమే. అమ్మని ఎవరో బాస్ అంటున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. భోజనాలయ్యాక నేను గిన్నెలు కడుగుతుంటే అమ్మ దీపం కింద కూర్చుని పాఠం చదువుకునేది. ఒకరోజు తల ఎత్తకుండానే, "పౌలీ, కాస్త చప్పుడు తగ్గించు, చదువుకుంటున్నా" అంది. అది నా మాట. కిందటేడు దాకా ఆ బల్ల దగ్గర కూర్చుని నేను అమ్మతో అన్న మాట. నా సంచీ తీసుకుంది, నా కుర్చీ తీసుకుంది, నా మాట కూడా తీసుకుంది. సబ్బు నీళ్ళలో పళ్ళెం ఒకటి కావాలనే గట్టిగా పెట్టాను.

చర్చిలో గురువారం సాయంత్రాలు ఆడవాళ్ళందరూ చేరి పిరోహీలు చేసి అమ్ముతారు. పిండి చిన్న రొట్టెల్లా వత్తి, దుంప ముద్ద పెట్టి మూసి అంచులు నొక్కడమే పని, కానీ ఊళ్ళో మంచీ చెడూ నిర్ణయమయ్యేదీ ఆ బల్ల దగ్గరే. ఆ గుంపుకి పెద్ద మిసెస్ టిమ్కో. ఒక గురువారం ఆవిడ అందరూ వినేలా నాతో అంది. "మీ అమ్మ బంగారమే పిల్లా. మొన్న భృతి ఆఫీసులో ఆవిడ వెనకే నిలబడ్డాను. కిటికీలో అమ్మాయి, 'మీరు చూసుకోవాల్సినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా' అంటే, మీ అమ్మ తలెత్తి ఎంత చక్కగా చెప్పిందనుకున్నావు! 'ఎందుకు లేరు? మా అత్తగారు మంచంలో ఉంది. మధ్యాహ్నం నా చేత్తో పెడితే తప్ప ముద్ద ముట్టదు. ఒక్కరోజు తప్పలేదు' అంది. పక్క జిల్లా కోర్సు నుంచి ఎలా వచ్చి పెడుతుందో గానీ, ఈ కాలం కోడళ్ళలో అలా చెప్పేవాళ్ళేరీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నా వేళ్ళ మధ్య పిరోహీ చితికిపోయింది. నా చేత్తో! ఆ చెయ్యి నాది. పరుగు నాది, తడిసిన మేజోళ్ళు నావి, పోయిన పాట నాది. పేరు మాత్రం అమ్మది. చదువూ తనదే, బాస్ అనే పిలుపూ తనదే, మంచి కోడలనే పేరూ తనకే. ఇంకా ఏం మిగిల్చింది నాకు?

ఆ తరవాతి వారమే ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నాలు ఇంట్లో రోగిని చూసుకోవాలి కనుక మీరు పనికి అందుబాటులో లేనట్టే, అందువల్ల మీ భృతి ఆపుతున్నాం అని దాని సారాంశం. భృతి లేనివాళ్ళకి ఆ కోర్సులో సీటు ఉండదు. అమ్మ ఉత్తరం బల్ల మీద పరిచి మళ్ళీ మొదటినుంచి చదివింది. నాన్న గదంతా తిరిగాడు.

"ఎవరైనా అలా అడిగితే ఎవరూ లేరనాలి గానీ! ఆమాత్రం తెలీదా?"

"టిమ్కో నా వెనకే ఉంది ఆండీ. ఎవరూ లేరంటే ఆదివారానికల్లా, కోడలు మంచం పట్టిన ముసలిదాన్ని గాలికొదిలేసి మగాళ్ళతో కోర్సుకెళ్తోందని చెప్పదూ?"

"చెప్తే చెప్తుంది."

"నీకేం? నిన్నెవరైనా అంటారా? అది సరే, నిన్ను అడిగారా ఆ మాట?"

"నన్నా?" నాన్న ఆగిపోయాడు. "నన్నెందుకు అడుగుతారు?"

నాకు సంతోషం వేసింది. కూతురు ఇలా రాయకూడదు, కానీ వేసింది. అమ్మ ఇంట్లో ఉంటే నా మధ్యాహ్నం నాకు తిరిగొస్తుంది. గొప్పలకి పోయి అనుభవించిందిలే అని కూడా అనుకున్నాను. భృతి ఆఫీసు వెనక విభాగంలోని ఆవిడే దారి చూపించింది. "అప్పీలు చెయ్యండి. విచారణ అయ్యేదాకా మీ సీటు ఆపమని మేష్టారికి నేను చెప్తాను. మధ్యాహ్నం మీ అత్తగారిని ఇంకొకళ్ళు చూసుకుంటారని రుజువైతే చాలు. ఆ మనిషిని సాక్షిగా తీసుకురండి" అందట. నాన్న వెంటనే తేల్చేశాడు. "ఇంకేం, పౌలీన్ వచ్చి చెప్తుంది. నేనే తినిపిస్తున్నాను, ఇకముందు కూడా నేనే తినిపిస్తాను అంటుంది. అయిపోయింది." చాకలిబట్టల మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చినంత తేలిగ్గా అన్నాడు.

విచారణకి కొన్ని వారాలు పట్టింది. అన్నాళ్ళూ అమ్మ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం గంట కొడితే నేను పరుగెత్తనక్కరలేదు. పాటల గదికి వెళ్ళాను. నా చోటులో ఒక పొడుగు పిల్ల నిలబడి ఉంది. టీచరు జాలిపడి వెనక గోడ పక్కన నిలబడమన్నారు. పాడాను. కానీ కోరుకున్నది దొరికినవాళ్ళకి ఉండాల్సిన తేలిక నాకు లేదు. బయట మంచు కురుస్తుంటే నా చెవి ఇంట్లో చెంచా చప్పుడు వింటూనే ఉంది.

ఒకరోజు బడి అయ్యాక ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో ఫ్రిజ్‌కి చెవి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టింది. "విను. ఇప్పుడు ఆగుతుంది, చూడు... ఆగిందా? మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో చెప్పనా?" చెప్పింది. చెప్పినప్పుడే మొదలైంది. అమ్మ ముఖంలో వెలుగు ఒక్క క్షణం ఉండి పోయింది. తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మూసేసింది.

"కోర్సులో వాళ్ళు ఈ పాటికి మోటారు విప్పి ఉంటారు" అంది. తరవాత నా సంచీ వైపు చూస్తూ, "నీకు చెప్పకూడదు గానీ పౌలీ, నువ్వు మొదట్లో ఆ సంచీ తగిలించుకుని గుట్టెక్కి బడికెళ్తుంటే నాకు కడుపు రగిలేది. మా అమ్మకి జబ్బు చేస్తే నన్ను తొమ్మిదో తరగతిలో బడి మానిపించేశారు. మా అన్నని కాదు, నన్ను. కన్నకూతురి మీద కుళ్ళుకునే తల్లి ఉంటుందా? ఫాదర్‌కి పాపాలు చెప్పుకునేటప్పుడు కూడా ఈ ఒక్కటీ చెప్పలేదు" అంది.

నాకూ అంతేనమ్మా అందామనుకున్నాను. సంచీ దించి కొక్కేనికి తగిలించాను. ఆ గదిలోనే, మాకు రెండడుగుల దూరంలో, నాన్న ఫోను కింద కుర్చీలో నిద్రపోతున్నాడు. ఒళ్ళో పేపరు, పక్కన ఖాళీ సూపు గిన్నె. లోపలి గదిలోంచి నాయనమ్మ అడుగుతోంది, ఆండీ తిన్నాడా అని. అప్పుడు అనుకున్నాను. అమ్మ నన్ను చూసి కుళ్ళుకుంది. నేను అమ్మని చూసి కుళ్ళుకున్నాను. అమ్మ వాళ్ళమ్మ ఇంకెవరిని చూసి కుళ్ళుకుందో. మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క మధ్యాహ్నం, దాన్ని మేమిద్దరం చెరో చివరా పట్టుకుని లాక్కుంటున్నాం. ఆ కుర్చీలో ఎన్ని మధ్యాహ్నాలు ఖాళీగా పడి ఉన్నాయి! ఇన్ని నెలలుగా అసూయతో చచ్చిపోతున్నానే, ఆ కుర్చీని చూసి నాకు ఒక్కసారైనా అసూయ ఎందుకు పుట్టలేదు? మనకి దక్కొచ్చు అనుకున్నదాని మీదే అసూయ పుడుతుంది కాబోలు. నాన్న కూర్చోవడం మాకు వర్షంలాగో కొండలాగో కనిపించింది. దాన్ని చూసి ఎవరు కుళ్ళుకుంటారు?

విచారణ ముందురోజు సాయంత్రం నాన్న బల్ల దగ్గర కూర్చుని అధికారి వేషం వేశాడు. "పేరు?" "పౌలీన్ బెలాన్." "ఏంటా గొంతు, పిల్లి పిల్లలా? అక్కడ టేపు రికార్డరు ఉంటుందట. గట్టిగా చెప్పాలి. మీ నాయనమ్మకి మధ్యాహ్నం తినిపించేది ఎవరు?" "నేను." "ఇకముందు?" నేను అమ్మ వైపు చూశాను. "నేనే అనాలి. అదీ నేర్పాలా?" అమ్మ స్టవ్ దగ్గర నిలబడి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతోంది. నాకు ఏమీ నేర్పలేదు. నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. చెప్పమని అడగడానికి సిగ్గు, వద్దని చెప్పడానికి ఆశ. ఆ సీటు కోసం అమ్మ ఎంత ఆశపడుతోందో ఆ వెన్ను చూస్తేనే తెలుస్తోంది. నేను నోరు మూసుకుంటే అది పోతుంది. నేర్పినట్టు చెప్తే నిలుస్తుంది.

జిల్లా కోర్టు భవనంలో పై అంతస్తు గది. అధికారికి జలుబు చేసింది. దగ్గు బిళ్ళ బుగ్గన పెట్టుకుని, టేపు మీట నొక్కి, మెల్లగానే మాట్లాడాడు. అమ్మని ముందు అడిగాడు. "మిసెస్ బెలాన్, మీ అత్తగారికి మధ్యాహ్నం మీ చేత్తోనే తినిపిస్తానని ఆఫీసులో చెప్పారు. నిజమేనా?"

"కాదు సార్" అంది అమ్మ. చేతిసంచీ కొసల్ని గట్టిగా పట్టుకుంది. "గొప్పకి చెప్పాను. వెనక మా ఊరివాళ్ళున్నారు. ఇంతకుముందు నేనే పెట్టేదాన్ని. కోర్సులో చేరాక పెడుతున్నది మా అమ్మాయి. దాని పాటల క్లాసు కూడా పోయింది అందుకే. నేను దాని పేరెత్తలేదు. ఎత్తాల్సింది."

ఆ మాటతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న నేర్పినదే చెప్పేద్దామనిపించింది. అమ్మ నా చెయ్యి నాకు తిరిగి ఇచ్చేసింది, ఇంకా ఏం కావాలి? అప్పటికీ ఒక మూల అసూయే. ముక్కూమొహం తెలియని మనిషి ముందు, టేపు తిరుగుతుండగా, వణకకుండా ఎలా మాట్లాడుతోందో అని. అధికారి నా వైపు తిరిగాడు.

"అమ్మాయీ, భయపడకు. ఇన్నాళ్ళూ నువ్వే తినిపించావా?"

"అవునండీ."

"రేపు మీ అమ్మగారికి ఎక్కడో పని దొరికిందనుకో. మధ్యాహ్నం మీ నాయనమ్మకి ఎవరు తినిపిస్తారు?"

నాన్న నా పక్కన కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయన పెదవులు నాకంటే ముందే ఆ మాట పలికాయి. నేను అన్నానంటే ఇక అది నా మాట కాదు, కాగితం మీద సర్కారు మాట. అమ్మ చదువుకి నేను జామీను. బడి అయిపోయాక ఉద్యోగమో, పెళ్ళో, ఎక్కడున్నా మధ్యాహ్నం గంట కొడితే నా కాళ్ళు ఈ ఇంటికే పరుగెడతాయి. అలాగని నోరు మూసుకుంటే అమ్మని మళ్ళీ ఆ మంచం పక్కన కూర్చోబెట్టిన దాన్నవుతాను. అప్పుడు నా పాటల గదిలో నేను ఎలా నిలబడను? నాకు అమ్మ సీటు పోవడం ఇష్టం లేదని అప్పుడే తెలిసింది. నాకూ అలాంటిదొకటి కావాలి, అంతే.

"ఆవిడ కొడుకు" అన్నాను.

అధికారి కాగితాల్లో వెతికాడు. "కొడుకా? ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు ఇక్కడ లేదే. ఎక్కడుంటాడు?"

"ఇక్కడే ఉన్నాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మా నాన్న. ఆయనే ఆవిడ కొడుకు. మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాడు."

అధికారి దగ్గు బిళ్ళ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, నాన్న వైపు చూశాడు. ఈ సంగతి ముందే తనకి తట్టనందుకు ఆయన కూడా కొంచెం ఇబ్బంది పడ్డట్టు కనిపించాడు. "మిస్టర్ బెలాన్, మీ అమ్మగారికి మీరు తినిపించగలరా?"

"నాకు చెయ్యి తిరగలేదండీ" అన్నాడు నాన్న.

"ఉక్కు కరిగించిన చెయ్యి, సూపుకి తిరగదా?" అంది అమ్మ. అధికారి నవ్వు ఆపుకోబోతే దగ్గొచ్చింది.

"టేపులో పడేలా చెప్పండి" అన్నాడు దగ్గు ఆగాక. "అవునా, కాదా?"

నాన్న ముఖం ఎర్రబడింది. కాదంటే తల్లికి అన్నం పెట్టని కొడుకు అవుతాడు, అదీ సర్కారు టేపులో. "పెడతాను" అన్నాడు చివరికి, టేపుకి కాకుండా తన బూట్లకి చెప్పినట్టు.

"మిసెస్ బెలాన్ పనికి అందుబాటులో లేదనడానికి ఇక నాకు కారణం కనిపించడం లేదు. తీర్పు పోస్టులో వస్తుంది" అని అధికారి మీట నొక్కి టేపు ఆపేశాడు. అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. అది ఎన్ని రోజులుగా పట్టుకున్న ఊపిరో.

బయట వరండాలోకి రాగానే నాన్న అందుకున్నాడు. "ఇంటి సంగతి వీధిలో పెట్టారు తల్లీకూతుళ్ళు. రేపు నన్నూ ఇలాగే అడిగి నా భృతి కూడా ఆపేస్తే?"

"ఆపితే అప్పీలు చేద్దువుగాని" అంది అమ్మ కోటు తొడుక్కుంటూ. "ఎలా చెయ్యాలో నాకిప్పుడు బాగా తెలుసు. నేను నేర్పుతాను." వరండా చివర నీళ్ళు చల్లబరిచే యంత్రం ఒకటి గురగురమంటోంది. అమ్మ అటు నడుస్తూనే తల వంచి దాని చప్పుడు విన్నది. ఆ నడక చూసి నాకు మళ్ళీ అసూయ వేసింది. ఈసారి దాన్ని దాచుకోవాలనిపించలేదు.

నాన్న వెనక ఆగి, నాకు మాత్రమే వినిపించేలా, కోపం కంటే ఎక్కువ అయోమయంగా అడిగాడు. "అది కాదు పౌలీ, నేనే పెడతానని నువ్వు ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

"సరిపోయేది నాన్నా" అన్నాను. "అందుకే అనలేదు."